ఏడాదిన్నరలో మూడుసార్లు కాలిన బోరు మోటారు: చుట్టినవాడిదే తప్పా?

సిద్దిపేట వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. 600 అడుగుల బోరు, 450 అడుగుల దగ్గర వేలాడుతున్న 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్, లోపల నీళ్ళు నింపే రకం. ఏడాదిన్నరలో మూడుసార్లు కాలింది. రెండుసార్లు రెండు వేర్వేరు షాపుల్లో లోపలి రాగి తీగను, అంటే వైండింగ్‌ను, మళ్ళీ చుట్టించారు, మూడోసారి కాలి ఇప్పుడు షెడ్డులో పడి ఉంది. వైండింగే సరిగ్గా చేయడం లేదా, మోటారే పనికిరానిదా, కొత్తది కొనేయాలా అని అడుగుతున్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. వేర్వేరు షాపుల్లో ఇద్దరు చుట్టినా మళ్ళీ కాలిందంటే తప్పు వైండింగ్‌లో ఉండే అవకాశం తక్కువ. లోపల బరువు మోసే థ్రస్ట్ బేరింగు, షాఫ్టును నడిమధ్యన నిలిపే బుష్‌లు అయినా అయ్యుండాలి, పైన మీ కరెంటు అయినా అయ్యుండాలి. కొత్తది ఇప్పుడే కొనకండి, కారణం దొరక్కుండా కొత్తది దించితే అదీ ఈ వరసలోనే కాలుతుంది. ఇంకొక్క మాట, మిగతాదంతా చదవకపోయినా ఇది గుర్తుంచుకోండి: మీరు పక్కన నిలబడకుండా ఆ మోటారును ఎవరినీ విప్పనివ్వొద్దు. కాలిన వైండింగ్‌ను కోసి పారేశాక ఎందుకు కాలిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. మీరు రెండుసార్లు సాక్ష్యాన్ని చెత్తలో పడేశారు, మూడోది ఇంకా చేతిలో ఉంది.

నాది జనగామలో రీవైండింగ్ షాపు. ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని, వచ్చేవాటిలో ముప్పావు వంతు బోరు మోటార్లే. కాబట్టి నేను చెప్పేదంతా బల్ల మీద విప్పి చూసిన మోటార్ల నుంచి చెప్తున్నదే.

విప్పగానే కాయిళ్ళ తలలు చూడండి, అంటే తీగ చుట్టిన ఇనుప రేకుల దొంతర (స్టాంపింగ్) నుంచి బయటికి వచ్చి వంపు తిరిగిన భాగం. మూడు ఫేజుల కాయిళ్ళూ చుట్టూరా సమానంగా మెత్తబడి, రంగు మారి, తొడుగు కరిగి ఉంటే మోటారు మొత్తంగా వేడెక్కిందని అర్థం. లోడు ఎక్కువై ఉండొచ్చు, వోల్టేజి తక్కువై ఉండొచ్చు, లోపల తిరిగే రోటరు పట్టేసి ఉండొచ్చు, నీళ్ళు లేక చల్లారక ఉండొచ్చు. అలా కాకుండా రెండు ఫేజుల కాయిళ్ళు కాలి మూడోది కొత్తదానిలా మెరుస్తుంటే అది సింగిల్ ఫేజింగ్. ఇక్కడ చుట్టినవాణ్ని తిట్టి లాభం లేదు, ఒక ఫేజు పోయినా మోటారు ఆగకుండా తిరిగింది, మిగిలిన రెండు తీగల్లో దాదాపు 1.73 రెట్లు ఆంపియర్లు పారాయి, కాలింది. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్స్ ఎక్కువగా లోపలే స్టార్ కనెక్షన్‌తో (మూడు ఫేజుల చివరలు ఒకచోట కలిసేది) వస్తాయి కాబట్టి రెండు ఫేజులు అన్నాను, మూడూ ఒకదాని చివర ఒకటి త్రికోణంలా కలిసే డెల్టా అయితే ఒక్క ఫేజే కాలుతుంది. ఇక్కడో మెలిక ఉంది. ఫేజు పోయింది మీ స్టార్టరు దగ్గర కాకుండా ట్రాన్స్‌ఫార్మర్ పైన 11 కేవీ ఫ్యూజు దగ్గర అయితే లెక్క తిరగబడుతుంది, కింద ఒక ఫేజులో మిగతా రెండింటికి రెట్టింపు పారుతుంది, అప్పుడు స్టార్ మోటారులోనూ ఒక్క ఫేజే కాలి కనిపిస్తుంది. ఏదైనా సరే, సమానంగా కాలలేదంటే వేలు కరెంటు వైపే చూపించాలి.

మూడో తీరు ఒకటుంది. అంతా బాగానే ఉండి ఒక్క స్లాటులో, అంటే తీగ కూర్చునే గాడిలో, ఒక్క చోట రాగి కరిగి గుండులా కట్టి ఉంటుంది. అది బాడీ షార్ట్, అంటే తీగ మోటారు ఇనుముకు తగలడం. చుట్టేటప్పుడు తీగ గీసుకుపోయి ఉండొచ్చు, స్లాటులో పేపరు జరిగి ఉండొచ్చు, పిడుగు పడి ఉండొచ్చు. ఈ ఒక్క కేసులో మాత్రం చుట్టినవాణ్ని గట్టిగా అడగొచ్చు.

వైండింగ్ చూశాక కళ్ళు రోటరు మీదికి వెళ్ళాలి. దాని ఒంటి మీద ఒక పక్క అద్దంలా మెరిసే చార ఉందా? చుట్టూ కదలకుండా ఉండే స్టేటరు లోపలి గోడ మీద కూడా అలాంటి చారే ఉందా? ఉంటే రోటరు స్టేటరును రాసుకుంటూ తిరిగింది. రెండింటి మధ్య సందు అర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది, అంతే. బుష్ కొంచెం అరిగినా షాఫ్టు ఒక పక్కకు ఒరుగుతుంది, ఒరిగిన పక్క అయస్కాంతం ఇంకా గట్టిగా లాగుతుంది, దాంతో ఇంకా అరుగుతుంది. ఇలాంటి మోటారుకు కొత్త వైండింగ్ వేసి పాత బుష్‌లతో బిగించి ఇస్తే అది ఎన్నాళ్ళు నడుస్తుందో మీరే చెప్పండి.

ఇక థ్రస్ట్ బేరింగు. నా అనుభవంలో రిపేరుకు వచ్చి మళ్ళీ తిరిగొచ్చిన మోటార్లలో ఎక్కువ భాగం దీని దగ్గరే దొరికాయి. మోటారు అడుగున స్టీలు పలకల మీద ఒక కార్బన్ చక్రం కూర్చుని ఉంటుంది. రోటరు బరువు, పంపు షాఫ్టు బరువు, పైన నిలిచిన నీటి ఒత్తిడి, అన్నీ కలిపి క్వింటాలు పైచిలుకు భారం నిమిషానికి 2,850 చుట్లు తిరుగుతూ దాని మీదే పడుతుంది. దానికి గ్రీజు లేదు, ఆయిలు లేదు, కార్బన్‌కూ స్టీలుకూ మధ్య నిలిచే పల్చటి నీటి పొరే దానికి ఆధారం. ఆ నీళ్ళలో ఇసుక చేరితే గీతలు పడతాయి, నీటి పొర తెగుతుంది, కార్బన్ పొడి అయిపోతుంది.

ఇప్పుడు ఆ అరుగుదల వైండింగ్‌ను ఎలా కాలుస్తుందో చూడండి, ఎందుకంటే ఈ లంకె చాలామంది మెకానిక్‌లకు కూడా తట్టదు. కార్బన్ రెండు మిల్లీమీటర్లు అరిగిందనుకోండి, రోటరు రెండు మిల్లీమీటర్లు కిందికి దిగింది. కప్లింగ్‌తో కట్టేసి ఉన్న పంపు షాఫ్టు కూడా దిగింది. పంపులో నీళ్ళను తోసే చక్రాలు (ఇంపెల్లర్లు) అన్నీ వరసగా కిందికి జరిగి వాటి గిన్నెలను (బౌళ్ళను) రాసుకుంటాయి. పంపు బరువెక్కుతుంది, 9 ఆంపియర్లు లాగేది 11 లాగుతుంది, 12 లాగుతుంది. ఆంపియర్లు మించితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలేను ఎవరో పుణ్యాత్ముడు ఎప్పుడో చివరిదాకా తిప్పేసి ఉంటాడు కాబట్టి అది కొట్టదు. పీవీసీ తొడుగు తీగ 70 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలుపెడుతుంది. ఒక రోజు కాలుతుంది. రైతు వచ్చి ‘వైండింగ్ పోయింది’ అంటాడు. పోయింది నిజమే, కానీ జబ్బు అక్కడ మొదలవలేదు.

ఒక రైతు పాత కార్బనే వేయమని పట్టుబట్టాడు, గీతలు సన్నగానే ఉన్నాయి కదా అని. నేనూ సరే అన్నాను, సీజను కదా, గిరాకీ పోతుందని. మూడు నెలల్లో తిరిగొచ్చింది. అప్పటి నుంచి నా షాపులో నియమం ఒకటే, చుట్టిన ప్రతి మోటారుకూ కార్బన్ కొత్తది, స్టీలు పలకలు గాజు పలక మీద సన్న గరుకు పేపరు పెట్టి సమంగా రుద్దినవి. డబ్బు ఆదా చేయాలనుకునేవాళ్ళను వేరే షాపుకు పంపిస్తాను.

బిగింపు గురించి మీరు మెకానిక్‌ను అడగాల్సినవి, ఎదురుగా నిలబడి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కొత్త బుష్‌లో షాఫ్టును తడిపి పెడితే తన బరువుతో మెల్లగా జారాలి, టపీమని పడిపోతే వదులు, తోస్తేనే దిగితే బిగువు. పై బ్రాకెట్టు, కింది బ్రాకెట్టు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి, ఒక పక్క మొత్తం బిగించేస్తే రెండు బుష్‌లూ ఒకే గీతలో ఉండవు. బిగించాక షాఫ్టు చేత్తో తిప్పితే ఎక్కడా పట్టుకోకుండా తిరగాలి. ఒక చుట్టులో ఒక చోట మాత్రమే బరువుగా అనిపిస్తే షాఫ్టు వంగిందో, రోటరు తగులుతోందో చూసుకోవాలి, ‘నడిస్తే అదే సర్దుకుంటుంది’ అంటే నమ్మకండి. అడుగున ఉండే రబ్బరు డయాఫ్రమ్‌ను కూడా చూడండి, లోపలి నీళ్ళు వేడికి ఉబ్బినప్పుడు చోటిచ్చేది అదే, అది చిరిగితే బోరులోని బురద తిన్నగా లోపలికి వస్తుంది.

నీళ్ళు నింపడం చిన్న పనిలా కనిపిస్తుంది. నింపే రంధ్రం ఒకటి, గాలి పోయే రంధ్రం ఒకటి, రెండూ తెరిచి మోటారును నిలబెట్టి మంచి తాగే నీళ్ళు మెల్లగా పోయాలి. నిండిందని వెంటనే బిరడా బిగించకూడదు. షాఫ్టును చేత్తో తిప్పుతూ, మోటారును కొంచెం కదుపుతూ అరగంట వదిలేస్తే బుడగలు వస్తూనే ఉంటాయి, మళ్ళీ పోయాలి. గాలి మిగిలితే ఎక్కడికి చేరుతుంది? పైకి. పైన ఏముంది? పై బుష్. అది నీళ్ళు లేకుండా పొడిగా తిరుగుతుంది. పై బుష్ మాత్రమే మాడి, కింది బుష్ కొత్తదానిలా ఉన్న మోటారు వస్తే నేను మొదట అడిగేది ‘నీళ్ళు ఎవరు పోశారు’ అనే. చాలాసార్లు జవాబు ‘పొలం దగ్గర పిల్లగాడు కాలవ నీళ్ళు పోశాడు’ అని వస్తుంది.

వైండింగ్‌కు తప్పే లేదని నేను అనడం లేదు. అది ఎలా తప్పుతుందో నా సొంత ఉదాహరణే చెప్తాను. షాపు పెట్టిన రెండో ఏడాది ఒక మోటారు వచ్చింది, స్లాటుకు 38 చుట్లు. నా దగ్గర ఉన్న తీగకు రాగి మందం సరిపోయింది కానీ పైతొడుగు లావు, స్లాటులో పట్టలేదు. నాలుగు చుట్లు తగ్గించి 34తో ముగించాను. నాలుగేగా అనుకున్నాను. చుట్లు తగ్గితే ఇనుములో అయస్కాంత బలం (ఫ్లక్స్) పెరుగుతుంది, ఇక్కడ దాదాపు 12 శాతం. ఇనుము అప్పటికే నిండుగా పనిచేస్తూ ఉంటుంది, దాని మీద ఇంకో 12 శాతం అడిగితే ఆంపియర్లు 12 శాతంతో ఆగవు, ఎన్నో రెట్లు ఎగబాకుతాయి. లోడు లేకుండా తొట్టిలో తిప్పితేనే దాదాపు పూర్తి లోడు ఆంపియర్లు చూపించింది. అది చూసి కూడా పంపించాను, అదీ నా తెలివి. ఇరవై రోజుల్లో తిరిగొచ్చింది, ఊరికే చుట్టి ఇచ్చాను.

దీనికి తిరగేసిన మోసం కూడా ఉంది. చుట్లు సరిగ్గానే వేసి తీగ సన్నది వేస్తారు. 1.2 మిల్లీమీటర్ల రాగికి బదులు 1.1 వేస్తే పైకి చూస్తే ఎవరికీ తెలియదు, కానీ తీగ అడ్డకోత 16 శాతం తగ్గుతుంది, అదే ఆంపియర్లకు పుట్టే వేడి 19 శాతం పెరుగుతుంది. ఇన్సులేషన్ విషయంలో మా పనివాళ్ళు పాటించే లెక్క, వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం. అందుకే బిల్లు మీద నాలుగు సంగతులు రాయించుకోండి: స్లాటుకు ఎన్ని చుట్లు, తొడుగు తీసి కొలిచిన రాగి మందం, కాయిలు పిచ్ (ఒక కాయిలు ఎన్ని స్లాట్లు దాటుతుందో), స్టారా డెల్టానా. విప్పేటప్పుడు పాతవి రాయాలి, చుట్టాక కొత్తవి రాయాలి. ఈ మాట అడిగితే మొహం చిట్లించే షాపులో మోటారు పెట్టకండి. మీకు ఇంకో చిక్కు కూడా ఉంది, మీ మోటారు ఇప్పటికే రెండుసార్లు చుట్టింది, మొదటి షాపువాడు తప్పు వేస్తే రెండోవాడు ఆ తప్పునే లెక్కపెట్టి అదే వేసి ఉంటాడు. కాబట్టి ఈసారి కంపెనీ డేటాతో గానీ, అదే సైజు స్టాంపింగ్ ఉన్న ఇంకో మోటారుతో గానీ పోల్చి చూడమనండి. తీగ మీద ఐఎస్ 8783 గుర్తు ఉందో లేదో కూడా అడగండి, నీళ్ళలో ఉండే వైండింగ్ తీగల ప్రమాణం అదే.

చుట్టిన స్టేటరును బిగించక ముందు ఒక రాత్రంతా నీటి తొట్టిలో ముంచి పొద్దున ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టాలి. నేను 100 మెగా ఓములు దాటకపోతే బిగించను. బోరులో పాతబడ్డ మోటారు కేబులుతో కలిపి ఒక మెగా ఓము కంటే తగ్గిందంటే లేపాల్సిందే.

ఇక పైన సంగతి, అంటే కరెంటు. దీని మీద రైతులకు కోపం వస్తుందని తెలుసు, అయినా చెప్పాలి. పాత రోజుల్లో రాత్రిపూట ఊళ్ళకు దీపాల కోసం ఇచ్చే సప్లై మీద కండెన్సర్లు పెట్టి త్రీ ఫేజు మోటార్లు తిప్పేవాళ్ళు, ఆ రోజుల్లో మా షాపు ముందు మోటార్లు వరసగా పడి ఉండేవి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటలూ త్రీ ఫేజు ఇవ్వడం మొదలయ్యాక ఆ రకం తగ్గింది. అప్పట్లో ఆటో స్టార్టర్లు తీసేయమని కూడా గట్టిగా చెప్పారు, ఎక్కువగా బోర్లలో నీళ్ళు అడుగంటుతాయనీ, కరెంటు రాగానే అందరి మోటార్లూ ఒకేసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడతాయనీ. మోటారు కోణం నుంచి నేను ఇంకో కారణం కలుపుతాను. కరెంటు మిణుకుమని పోయి వెంటనే వస్తే, పైపుల్లోని నీళ్ళు ఇంకా వెనక్కి జారుతూ పంపును ఎదురు తిప్పుతుంటాయి, నీళ్ళను వెనక్కి రానివ్వని వాల్వు (ఎన్‌ఆర్‌వీ) పాతదైతే మరీను. ఆ సమయంలో ఆటో స్టార్టరు మోటారును లేపితే షాఫ్టు, కప్లింగ్, థ్రస్ట్ మూడింటి మీదా దెబ్బ పడుతుంది. మీకు ఆటో స్టార్టరు ఉందో లేదో రాయలేదు. ఉంటే తీసేయండి, లేదా కనీసం కొన్ని నిమిషాలు ఆలస్యంగా లేపే టైమరుదైనా పెట్టుకోండి.

ఒక ఫేజు పోతే మోటారును ఆపే డబ్బా, అంటే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్, ఉందని చాలామంది ధీమాగా ఉంటారు. వోల్టేజి మాత్రమే చూసే చవక రకాలు మోసపోతాయి, ఎందుకంటే తిరుగుతున్న మోటారు పోయిన ఫేజులో తానే కొంత వోల్టేజి పుట్టిస్తుంది, ఆ డబ్బా ‘మూడూ ఉన్నాయి’ అనుకుంటుంది. తీగలో పారే ఆంపియర్లను చూసే రకం కొనండి. ఓవర్‌లోడ్ రిలేను నేమ్ ప్లేటు మీద రాసిన ఆంపియర్ల దగ్గరే పెట్టండి, అక్కడ పెడితే ఊరికే కొడుతోందంటే అది మీకు ఏదో చెప్తోంది. ఫ్యూజుకు బదులు మందపాటి తీగ కట్టారా లేదా అని నేను అడగను, మీకే తెలుసు.

కేబులు లెక్క కూడా ఒకసారి చూడండి. 450 అడుగులంటే దాదాపు 140 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు అయితే ఒక్కో తీగకు ఒక ఓము పైన. 10 ఆంపియర్లకు దారిలోనే దాదాపు 14 వోల్టులు పోతాయి, లేచేటప్పుడు ఐదారు రెట్లు లాగుతుంది కాబట్టి 50 దాకా పోతాయి. స్టార్టరు దగ్గర 415 ఉంటే ఇది పెద్ద బాధ కాదు, కానీ నాట్లప్పుడు 360 ఉంటే అడుగున మోటారుకు అందేది 346. మోటారు బలం వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది, అంటే అక్కడ 70 శాతం బలమే మిగిలింది. లాగాల్సిన నీళ్ళు మాత్రం అవే. అందుకని ఆంపియర్లు పెంచుకుని లాగుతుంది. కేబులు కొత్తగా వేయించే ఆలోచన ఉంటే 4 చదరపు మిల్లీమీటర్లది వేయండి.

ఇంకొకటి, మన బోర్లకు ప్రత్యేకం. మోటారు పంపుకు కింద ఉంటుంది, నీళ్ళు దాని ఒంటిని తాకుతూ పైకి పోతేనే అది చల్లారుతుంది. మీ బోరులో ఊట మోటారుకు పైనుంచి, ఉదాహరణకు 300 అడుగుల దగ్గరి పగులు నుంచి వస్తుంటే, నీళ్ళు తిన్నగా పంపు నోట్లోకి పోతాయి, కింద మోటారు నిలవ నీళ్ళలో ఉడుకుతూ ఉంటుంది. బోరు వేసినప్పుడు నీళ్ళు ఏ లోతులో పడ్డాయో గుర్తుందా? పైన పడి ఉంటే మోటారు చుట్టూ పైపు తొడిగి పై అంచును పంపు నోటి పైన మూసేయిస్తే నీళ్ళు కిందినుంచి తిరిగి వస్తాయి, ఇది ఏ వెల్డింగ్ షాపులోనైనా అయిపోయే పని. బోరు వ్యాసంలో చోటు ఉందో లేదో కొలిచాకే చేయించండి, ఇరుక్కుంటే అది ఇంకో కథ.

కొత్తది కొనాలా అన్న ప్రశ్నకు వస్తే, మూడుసార్లు చుట్టినంత మాత్రాన స్టేటరు చెడిపోదు. నేల మీద వాడే ఎనామిల్ తీగ మోటార్లను కొందరు మంట పెట్టి కాలుస్తారు వైండింగ్ ఊడదీయడానికి, వేడి 370 డిగ్రీలు దాటితే స్టాంపింగుల మధ్య పూత మాడి ఇనుమే వేడెక్కడం మొదలవుతుంది. నీటి మోటార్లలో తీగను ఒక పక్క కోసి లాగేస్తారు కాబట్టి ఆ బాధ లేదు, మీ మోటారును ఎవరైనా మంటలో పెట్టారేమో మాత్రం కనుక్కోండి. స్లాటు పళ్ళు కరిగి స్టాంపింగులు ఒకదానికొకటి అతుక్కుపోయినా, రోటరు రాగి కడ్డీలు చివరి రింగు దగ్గర అతుకు విడిపోయినా, స్టేటరు లోపలి గోడ లోతుగా అరిగినా అప్పుడు కొత్తదే మేలు. కొంటే ఐఎస్ 9283 గుర్తు ఉన్నది కొనండి, హెచ్‌పీ పెంచకండి, నీళ్ళు అంతే ఉంటే పెద్ద మోటారు చేసేదేమీ లేదు.

బాగుచేసి దించాక మొదటి రోజే తీగ చుట్టూ పట్టి కొలిచే టాంగ్ టెస్టర్‌తో మూడు తీగల ఆంపియర్లూ రాసుకోండి. ఒకదానిలో తేడా ఎక్కువగా ఉంటే, స్టార్టరు దగ్గర మోటారు తీగలు మూడింటినీ ఒక్కో స్థానం జరపండి, మొదటిది రెండులోకి, రెండోది మూడులోకి, మూడోది ఒకటిలోకి. మూడూ జరిపితే తిరిగే దిక్కు మారదు. ఎక్కువ ఆంపియర్లు సప్లై తీగ దగ్గరే ఉండిపోతే తప్పు కరెంటుది, మోటారు తీగతో పాటు జరిగితే తప్పు మోటారుదో కేబులుదో. దీనికి పది నిమిషాలు పడుతుంది, మెయిన్ ఆపి చేయండి.

విప్పినప్పుడు కాయిళ్ళ తలలు, కార్బన్ చక్రం, రెండు బుష్‌లు, రోటరు ఒళ్ళు ఫోటోలు తీసి ఇక్కడే పెట్టండి తమ్ముడూ, పాత బిల్లుల మీద చుట్ల లెక్క ఏమైనా రాసి ఉంటే అదీ పెట్టండి. ఆదివారం షాపు ఉండదు, ఆ రోజు తీరిగ్గా చూసి చెప్తాను.